ప్రోటోకాల్ నిర్మాణం - తెలుగు లిపి: ఈ-మెయిల్ చిరునామా ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండు కంప్యూటర్లు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడానికి ముందుగా అంగీకరించిన నియమాల సమాహారాన్ని ప్రోటోకాల్ అంటారు. కొత్త ప్రోటోకాల్‌ను ఎలా రూపొందిస్తారో ఈ-మెయిల్ చిరునామాలోకి రోమనేతర లిపులు ప్రవేశించిన క్రమం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. 1982 నాటి ఏడు బిట్ల నిర్ణయం మొదలుకొని 2012 నాటి ప్రమాణం వరకు జరిగిన పరిణామాన్ని పరిశీలిస్తుంది. ఇందులో తెలుగు లిపి లేవనెత్తే ప్రత్యేక ప్రశ్నలను గుర్తిస్తుంది. ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన వారిలో భాషాపరిశోధకులు కూడా ఉన్నారని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రోటోకాల్, ఈ-మెయిల్, యూనికోడ్, యూటీఎఫ్-8, తెలుగు లిపి, డొమైన్ పేరు, ప్రమాణీకరణ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఈ-మెయిల్ రాయడం నేడు వింత కాదు. పరిశోధక విద్యార్థి తన అధ్యాయాన్ని పర్యవేక్షకులకు పంపేటప్పుడు ఉత్తరం తెలుగులో రాస్తాడు. విషయం అనే గడిని తెలుగులో నింపుతాడు. జతచేసే ఫైలుకు తెలుగు పేరే పెడతాడు. చిరునామా దగ్గరికి వచ్చేసరికి మాత్రం రోమన్ లిపిలోకి మారతాడు. తన పేరును ఏ వర్ణక్రమంతో రాయాలో తేల్చుకోలేక, అప్పటికే ఎవరూ తీసుకోని ఒక రూపాన్ని వెతుక్కొని, దానికి కొన్ని అంకెలు తగిలిస్తాడు.

కంప్యూటర్ భాష ఇంగ్లీషు కాబట్టి ఈ పరిస్థితి వచ్చిందని సాధారణంగా చెబుతుంటారు. ఈ సమాధానం సరికాదు. యంత్రానికి 'ఎ' అయినా 'అ' అయినా సంఖ్య మాత్రమే. ఏ సంఖ్యను ఎక్కడ రాయవచ్చునన్నది ఒప్పందానికి సంబంధించిన విషయం. ఆ ఒప్పందాన్ని మనుషులు చేశారు, మనుషులే మార్చారు. ఎలా చేశారు, మార్చడానికి ముప్పై ఏళ్లు ఎందుకు పట్టింది, మారిన తరువాత కూడా మన చిరునామాలు రోమన్‌లోనే ఎందుకున్నాయి అన్న మూడు ప్రశ్నలు ఈ వ్యాసానికి ఆధారం.

2. ప్రోటోకాల్ స్వరూపం

ఏ ప్రోటోకాల్‌లోనైనా మూడు అంశాలు ఉంటాయి. మొదటిది రూపం: ఏ సందేశం ఏ వరుసలో, ఏ అక్షరాలతో ఉండాలి. రెండవది అర్థం: ఆ సందేశం అందుకున్న యంత్రం ఏమి చేయాలి. మూడవది క్రమం: ఎవరు ముందు మాట్లాడాలి, ఎంతసేపు వేచి ఉండాలి, సమాధానం రాకపోతే ఏమి చేయాలి. వ్యాకరణం మొదటి రెండింటిని పట్టించుకుంటుంది. మూడవది మర్యాదకు, సభా సంప్రదాయానికి దగ్గరగా ఉంటుంది.

ఈ-మెయిల్‌ను ఒక సర్వర్ నుంచి మరొక సర్వర్‌కు చేర్చే ఎస్‌ఎంటీపీ ఇందుకు మంచి ఉదాహరణ. జొనాథన్ పోస్టెల్ దీనిని 1982 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంగా వెలువరించారు. ఇందులో సంభాషణ మనుషుల పలకరింపులాగే సాగుతుంది. పంపే సర్వర్ 'హెలో' అని తన పేరు చెప్పుకుంటుంది. 'మెయిల్' అనే ఆజ్ఞతో పంపుతున్నది ఎవరో, 'ఆర్‌సీపీటీ' అనే ఆజ్ఞతో అందుకోవలసింది ఎవరో చెబుతుంది. 'డేటా' అని ఉత్తరం అందిస్తుంది. 'క్విట్' అని సెలవు తీసుకుంటుంది. అవతలి సర్వర్ ప్రతి మాటకు మూడంకెల సంఖ్యతో బదులిస్తుంది. మొదటి అంకె 2 అయితే పని జరిగినట్లు, 3 అయితే ఇంకా ఇవ్వవలసింది ఉన్నట్లు, 4 అయితే తాత్కాలిక ఆటంకం, 5 అయితే శాశ్వత నిరాకరణ.

ఈ చిన్న ఏర్పాటులోనే ప్రోటోకాల్ నిర్మాణానికి సంబంధించిన ఒక ముఖ్య సూత్రం ఉంది. రేపు ఎవరైనా కొత్త సంఖ్యను చేర్చితే, దానిని ఎరుగని పాత సర్వర్ కూడా మొదటి అంకెను చూసి స్థూలంగా అర్థం చేసుకోగలదు. అంటే నిర్మాత తనకు తెలియని భవిష్యత్తుకు కూడా కొంత చోటు విడిచిపెట్టాడు.

మరొక ఉదాహరణ ఉత్తరం ముగింపు. ఒక పంక్తిలో చుక్క మాత్రమే ఉంటే ఉత్తరం పూర్తయినట్లు. మరి రచయితే తన ఉత్తరంలో ఒంటరి చుక్కను రాసుకుంటే? అందుకే చుక్కతో మొదలయ్యే ప్రతి పంక్తికి పంపే సర్వర్ అదనంగా మరొక చుక్కను చేర్చాలి, అందుకునే సర్వర్ దానిని తీసివేయాలి అని నియమం పెట్టారు. ఆగమం, లోపం అన్న ప్రక్రియలు వ్యాకరణంలో పరిచితమైనవే. ఇక్కడ అవి ఉత్తరంలోని విషయానికి, దానిని మోసే నియమానికి మధ్య గందరగోళం రాకుండా కాపాడుతున్నాయి.

3. నియమాలను రాసే పద్ధతి

ఇంటర్‌నెట్ ప్రోటోకాల్ పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. ఆ మాటకు 'అభిప్రాయాల కోసం అభ్యర్థన' అని అర్థం. మొదటి పత్రాన్ని స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్ 7న రాశారు. శాసనంలా కాకుండా చర్చకు ఆహ్వానంలా ఉండాలన్న ఉద్దేశం ఆ పేరులోనే కనిపిస్తుంది. 1986లో ఏర్పడిన ఐఈటీఎఫ్ అనే సంస్థ ఈ పనిని నడుపుతున్నది. దీనికి సభ్యత్వ రుసుము లేదు, ఓటింగు లేదు. ఎవరైనా ముసాయిదా రాయవచ్చు, చర్చలో పాల్గొనవచ్చు. ఎక్కువమంది ఒప్పుకోవడం మాత్రమే చాలదు; వ్యక్తమైన ప్రతి అభ్యంతరానికి సమాధానం దొరికిందా లేదా అన్నది చూస్తారు. దీనితో పాటు నిజంగా పనిచేసే ప్రోగ్రాము ఉండాలి. ఒక ప్రమాణం పై స్థాయికి చేరాలంటే వేర్వేరు వ్యక్తులు స్వతంత్రంగా తయారుచేసిన కనీసం రెండు ప్రోగ్రాములు పరస్పరం సరిగా మాట్లాడుకోవాలి. పత్రం స్పష్టంగా ఉందనడానికి ఇదే పరీక్ష. రచయితను అడగకుండా కేవలం పత్రం చదివి ఇద్దరు ఒకే పని చేయగలగాలి.

ఈ పత్రాల భాష గురించి కూడా ఒక పత్రం ఉంది. స్కాట్ బ్రాడ్నర్ 1997లో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2119 'తప్పక చేయాలి', 'చేయడం మంచిది', 'చేయవచ్చు' అన్న మాటల బలాన్ని నిర్వచిస్తుంది. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. సంధి నిత్యమా, వైకల్పికమా, బహుళమా అని చిన్నయసూరి ఎంత జాగ్రత్తగా విడదీశాడో మనకు తెలుసు. ఒక తేడా మాత్రం ఉంది. వైకల్పిక సంధిని ఒకరు చేసి మరొకరు చేయకపోయినా పాఠకుడికి అర్థమవుతుంది. ప్రోటోకాల్‌లో మాత్రం 'చేయవచ్చు' అన్న ప్రతిచోటా రెండు రకాల యంత్రాలు పుడతాయి. ఆ రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో నిర్మాత ముందే ఆలోచించి రాయాలి. అందువల్ల అనుభవమున్న నిర్మాతలు వికల్పాలను పొదుపుగా వాడతారు.

4. 1982 నాటి నిర్ణయం

ఎస్‌ఎంటీపీ రూపొందిన నాటికి అమెరికాలో అక్షరాలకు ఆస్కీ అనే సంకేత పద్ధతి స్థిరపడి ఉంది. 1963లో మొదటిసారి ప్రమాణంగా వెలువడిన ఆస్కీ ఒక్కొక్క అక్షరానికి ఏడు బిట్లు వాడుతుంది. ఏడు బిట్లతో 128 సంకేతాలు సాధ్యం. రోమన్ పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు అందులో ఇమిడిపోతాయి. బైట్‌లో ఎనిమిది బిట్లు ఉన్నప్పటికీ ఎనిమిదవ దానిని సున్నాగా ఉంచాలని ఆర్‌ఎఫ్‌సీ 821 చెప్పింది.

దీనిని భాషావివక్షగా మాత్రమే చదవడం చరిత్రకు న్యాయం కాదు. నాటి అనుసంధానాల్లో రకరకాల యంత్రాలు ఉండేవి, అవి ఎనిమిదవ బిట్‌ను తలొక విధంగా వాడుకునేవి. అందరూ భద్రంగా మోయగల కనీస సామాన్యాంశం ఏడు బిట్లే. ఆ పరిధిలో అది వివేకమైన నిర్ణయం. అయితే పరిధి మారినప్పుడు నిర్ణయం మిగిలిపోయింది. తెలుగుతో సహా భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం, 1991లో యూనికోడ్ తొలి సంపుటి వచ్చాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది దక్కింది. అప్పటికి ఏడు బిట్లను మాత్రమే అనుమతించే మెయిల్ సర్వర్లు ప్రపంచమంతటా పనిచేస్తున్నాయి. అవన్నీ ఒకే రోజు మారవు, మార్చమని ఆజ్ఞాపించే అధికారి ఎవరూ లేరు. కొత్త ప్రోటోకాల్ నిర్మాతకు ఎదురయ్యే అసలు సమస్య ఇదే. ఖాళీ కాగితం ఎవరికీ దొరకదు. పాత ఇంట్లో కాపురం చేస్తూనే గోడలు మార్చాలి.

పోస్టెల్ 1980లో ఆర్‌ఎఫ్‌సీ 761లో ఒక సలహా ఇచ్చారు: పంపేటప్పుడు నియమానికి కట్టుబడి ఉండాలి, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండాలి. ఇంటర్‌నెట్ వ్యాప్తికి ఈ ఉదారత ఎంతో తోడ్పడింది. కానీ తప్పును సహించే యంత్రాలు పెరిగేకొద్దీ తప్పే అలవాటుగా స్థిరపడుతుంది. ఎనిమిది బిట్ల విషయంలోనూ ఇదే జరిగింది. కొన్ని సర్వర్లు నియమాన్ని పక్కనపెట్టి ఎనిమిది బిట్లూ నేరుగా పంపాయి. అవతల కొన్ని అందుకున్నాయి, కొన్ని ఎనిమిదవ బిట్‌ను తుడిచివేశాయి. చదువరికి చేరింది అర్థంలేని అక్షరాల గుంపు. 2023లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9413 ఈ ఉదారవాదాన్ని పునఃపరిశీలించి, తప్పులను మౌనంగా సహించడం కంటే ప్రమాణాన్ని చురుకుగా నిర్వహించడమే మేలని వాదించింది.

5. పాతదాన్ని కదపకుండా కొత్తదాన్ని చేర్చడం

మొదటి పరిష్కారం 1992లో వచ్చిన మైమ్. దీనిని నథానియెల్ బొరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ రూపొందించారు. మైమ్ మధ్యనున్న సర్వర్లను ముట్టుకోలేదు. ఉత్తరంలోని ఎనిమిది బిట్ల సమాచారాన్ని పంపే యంత్రమే ఏడు బిట్ల అక్షరాలుగా మార్చి, ఏ పద్ధతిలో మార్చిందో ఉత్తరం పైభాగంలో రాస్తుంది. చదివే యంత్రం దానిని తిరిగి విప్పుతుంది. మధ్యలోని సర్వర్లకు అది మామూలు రోమన్ అక్షరాల వరుసగానే కనిపిస్తుంది.

రెండవది యూటీఎఫ్-8. దీనిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతి ఇది. ఆస్కీ అక్షరాలు ఇందులో యథాతథంగా ఒక్క బైట్‌గానే ఉంటాయి. తక్కిన అక్షరాల బైట్లన్నింటిలోనూ ఎనిమిదవ బిట్ 1గా ఉంటుంది కాబట్టి ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశం లేదు. పాత పాఠ్యమంతా ఏ మార్పూ లేకుండానే కొత్త పద్ధతిలో చెల్లుతుంది. తెలుగులో ప్రతి సంకేతానికి మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అన్న పదంలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిసి ఆరు సంకేతాలు, మొత్తం 18 బైట్లు. మైమ్‌లోని బేస్64 పద్ధతి మూడు బైట్లను నాలుగు రోమన్ అక్షరాలుగా మారుస్తుంది కాబట్టి అదే పదం 24 అక్షరాలుగా ప్రయాణిస్తుంది. బరువు మూడో వంతు పెరిగినా పాత దారిలోనే గమ్యం చేరుతుంది.

మూడవ పరిష్కారం 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1425 ద్వారా వచ్చింది. కొత్త సదుపాయాలు తెలిసిన సర్వర్ 'హెలో'కు బదులు 'ఎహ్లో' అని పలకరిస్తుంది. అవతలిది కొత్త సర్వర్ అయితే తనకు ఏయే సదుపాయాలు తెలుసో జాబితా చెబుతుంది. పాతది అయితే ఆ మాట అర్థం కాక 500 అనే నిరాకరణ సంఖ్య ఇస్తుంది. అప్పుడు పంపే సర్వర్ మారుమాటాడకుండా 'హెలో' అని పాత పద్ధతిలో మొదలుపెడుతుంది. 1982లో పొరపాట్ల కోసం పెట్టిన నిరాకరణ సంఖ్యే పదకొండేళ్ల తరువాత కొత్తదనానికి ద్వారమైంది. ఎనిమిది బిట్లను నేరుగా అందుకోగలనని చెప్పే సదుపాయం ఈ ద్వారం గుండా వచ్చిన తొలివాటిలో ఒకటి.

ఇలాంటి ద్వారాలను వాడకపోతే అవి బిగుసుకుపోతాయి. వెబ్ భద్రతకు వాడే, 2018లో వెలువడిన టీఎల్‌ఎస్ 1.3 ప్రమాణాన్ని రూపొందిస్తున్నప్పుడు, తెలియని సంస్కరణ సంఖ్య కనిపిస్తే మధ్యలోని కొన్ని పరికరాలు అనుసంధానాన్ని తెంచివేస్తున్నాయని తేలింది. అందువల్ల పైకి పాత సంఖ్యనే చూపుతూ అసలు సంఖ్యను వేరొకచోట చెప్పవలసి వచ్చింది. 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8701 మరొక అడుగు ముందుకు వేసి, అర్థంలేని విలువలను అప్పుడప్పుడు కావాలనే పంపమన్నది. తెలియనిదాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగే అలవాటు యంత్రాలకు పోకూడదన్నది దాని ఉద్దేశం.

6. చిరునామా సమస్య

ఉత్తరం తెలుగులోకి వచ్చింది. చిరునామా ఎందుకు రాలేదు? చిరునామాలో రెండు భాగాలున్నాయి. 'ఎట్' గుర్తుకు కుడివైపు డొమైన్ పేరు, ఎడమవైపు వ్యక్తి పేరు. ఈ రెండింటి స్వభావం వేరు.

డొమైన్ పేరును కంప్యూటర్ డీఎన్‌ఎస్ అనే వ్యవస్థలో వెతుకుతుంది. వాడుకలో ఆ పేర్లలో రోమన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే ఉంటాయి. 2003లో వచ్చిన ప్యూనీకోడ్ ఏ లిపిలోని పేరునైనా ఈ పరిధిలోని అక్షరాలుగా మార్చే పద్ధతిని ఇచ్చింది. ఉదాహరణకు, 2011లో ఇంటర్‌నెట్ మూలస్థానంలో చేరిన 'భారత్' అనే తెలుగు డొమైన్ లోపల 13 రోమన్ అక్షరాలు, అంకెలు, గీతల వరుసగా ఉంటుంది. మొదట ఎక్స్, ఎన్ అక్షరాలు, రెండు అడ్డగీతలు వస్తే అది మారువేషంలో ఉన్న పేరని యంత్రం గుర్తిస్తుంది. మార్పిడి వాడుకరి యంత్రంలోనే జరుగుతుంది, డీఎన్‌ఎస్ సర్వర్లు మారనక్కరలేదు.

ఎడమవైపు భాగానికి ఈ ఉపాయం చెల్లదు. 'ఎట్'కు ముందున్న పేరు అర్థం అందుకునే సర్వర్‌కు తప్ప మరెవరికీ తెలియదని, మధ్యవారు దానిని వ్యాఖ్యానించకూడదని ఎస్‌ఎంటీపీ నియమం. ఏ రోమన్ అక్షరాల వరుస అయినా ఎక్కడో ఒకచోట నిజమైన పేరు కావచ్చు. అందువల్ల ఒక ప్రత్యేక గుర్తుతో మొదలైతే అది మారువేషమని బయటివారు తీర్మానించే హక్కు లేదు.

2006లో ఐఈటీఎఫ్ ఈ సమస్య కోసం ఒక కార్యవర్గాన్ని ఏర్పాటు చేసింది. ఈ వర్గం వెంటనే ప్రమాణం రాయలేదు. 2008లో ప్రయోగాత్మక పత్రాలను వెలువరించింది. వాటిలో ఒక దయగల ఆలోచన ఉంది. ప్రతి వ్యక్తికి సొంత లిపిలోని చిరునామాతో పాటు ఒక రోమన్ చిరునామా కూడా ఉంటుంది. దారిలో పాత సర్వర్ ఎదురైతే ఉత్తరాన్ని రోమన్ చిరునామాకు తగ్గించి పంపవచ్చు. వినడానికి బాగుంది. ఆచరణలో మాత్రం చిక్కులు ఎదురవుతాయి. ఒకే ఉత్తరం వేర్వేరు దారుల్లో వేర్వేరు రూపాలు దాల్చుతుంది. అందుకున్నవారు జవాబు ఏ చిరునామాకు రాయాలి? మధ్యలో మార్చిన ఉత్తరంపై పంపినవారి డిజిటల్ సంతకం ఎలా చెల్లుతుంది?

2012 ఫిబ్రవరిలో తుది ప్రమాణంగా ఆర్‌ఎఫ్‌సీ 6530 నుంచి 6533 వరకు నాలుగు పత్రాలు వెలువడినప్పుడు, దారిలో తగ్గించే ఈ ఏర్పాటును తొలగించారు. 'ఎహ్లో'కు బదులుగా అవతలి సర్వర్ ఎస్‌ఎంటీపీయూటీఎఫ్8 అనే సదుపాయం తనకుందని చెబితే తెలుగు చిరునామాతో ఉత్తరం పంపవచ్చు. చెప్పకపోతే ఆ ఉత్తరం ముందుకు సాగదు, పంపినవారికి తిరిగి వస్తుంది. ఇది కఠినంగా కనిపించవచ్చు. కానీ ఉత్తరం చేరలేదని స్పష్టంగా తెలియడం, మారిన రూపంలో ఎక్కడికో చేరడం కంటే నయం. సాయం చేయబోయి సందిగ్ధం పెంచే ఏర్పాటును వదులుకోవడం కూడా నిర్మాణంలో భాగమే.

ఈ పత్రాల రచయితల్లో అమెరికాకు చెందిన జాన్ క్లెన్సిన్‌తో పాటు చైనా, కొరియా దేశాల ఇంజినీర్లు ఉన్నారు. తమ లిపి అవసరాన్ని తామే ముసాయిదాగా రాసుకొని వారు చర్చకు వచ్చారు.

7. తెలుగు లిపి అడిగే ప్రశ్నలు

ప్రమాణం ద్వారం తెరుస్తుంది. లోపలికి వచ్చే ప్రతి లిపి తన చిక్కులను వెంట తెస్తుంది. తెలుగుకు సంబంధించినవి కొన్ని చూద్దాం.

అ) ఒకే అక్షరానికి రెండు రూపాలు: యూనికోడ్‌లో ఐత్వానికి ఒక సంకేతం ఉంది. దానినే ఎత్వం, ఆపైన ఐత్వపు కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 'మైత్రి' అన్న పేరు కంటికి ఒకటే అయినా బైట్ల వరుస రెండు విధాలుగా ఉండవచ్చు. యంత్రం బైట్లనే పోల్చుతుంది. కాబట్టి రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే సామాన్యీకరణ జరగాలి. డొమైన్ పేర్లలో ఇది తప్పనిసరి. ఎడమవైపు భాగాన్ని మధ్యవారు ముట్టుకోకూడదు కాబట్టి అక్కడ ఈ బాధ్యత ప్రధానంగా పేర్లు కేటాయించే సంస్థదే.

ఆ) కనిపించని గుర్తు: 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో టకారపు పొల్లు తరువాత వకారం ఒత్తుగా మారకుండా ఉండాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును టైపు చేయాలి. డొమైన్ పేర్ల 2003 నాటి నియమాలు ఈ గుర్తును ఎక్కడ కనిపించినా తొలగించేవి. 2010లో వచ్చిన సవరించిన నియమాలు పొల్లు తరువాత వచ్చినప్పుడు దానిని అనుమతించాయి. అంటే సందర్భాన్ని బట్టి వర్తించే నియమం ప్రవేశించింది. అయితే ఇంటర్‌నెట్ మూలస్థానంలోని పేర్లలో దీనికి ఇప్పటికీ చోటు లేదు. కనిపించని గుర్తుతో మోసం చేయడం తేలిక కావడమే ఈ జాగ్రత్తకు కారణం.

ఇ) జాబితానా, లక్షణమా: 2003 నాటి నియమాలు అనుమతించే అక్షరాలను యూనికోడ్ 3.2 సంస్కరణకు ముడిపెట్టాయి. దంత్య చ, జలను సూచించే ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. కాబట్టి ఆ నియమాల ప్రకారం అవి లేనట్లే. 2010 నాటి నియమాలు స్థిరమైన జాబితాను వదిలి, ఏ లక్షణాలున్న సంకేతం చెల్లుతుందో చెప్పాయి. సంస్కృత వ్యాకరణంలో ముగిసిన గణానికి, ఆకృతిగణానికి ఉన్న భేదం వంటిదే ఇది. 2021లో యూనికోడ్‌లో చేరిన నకారపొల్లు వంటి అక్షరాలు కూడా ఏ ప్రత్యేక సవరణా లేకుండానే లక్షణపరీక్షకు నిలబడే వీలు ఏర్పడింది.

ఈ) సోదర లిపి: తెలుగు రకారం, కన్నడ రకారం కంటికి దాదాపు ఒకటే. యూనికోడ్‌లో వాటి సంకేతాలు వేరు. అలాంటి అక్షరాలతో ఒక సంస్థ పేరును పోలిన మరొక పేరు సృష్టించవచ్చు. మూలస్థానపు డొమైన్ పేర్ల కోసం తొమ్మిది బ్రాహ్మీ సంతతి లిపుల నియమాలను రూపొందించిన నియో-బ్రాహ్మీ బృందం 2019లో వెలువడిన తెలుగు ప్రతిపాదనలో తెలుగు, కన్నడ అక్షరాల మధ్య ఇలాంటి జంటలను గుర్తించింది. లిపిశాస్త్రం, అక్షర నిర్మాణం తెలియకుండా ఈ పని జరగదు.

ఉ) పొడవు: 'ఎట్'కు ఎడమవైపు భాగం 64 బైట్లకు మించరాదు. రోమన్‌కు అది 64 అక్షరాలు. తెలుగుకు 21 సంకేతాలు మాత్రమే. 'వేంకటసత్యనారాయణమూర్తి' అనే పేరును లెక్కించి చూస్తే సరిగ్గా 21 సంకేతాలు, 63 బైట్లు వస్తాయి. ఇక మిగిలింది ఒక్క బైట్. ఇంటిపేరులోని తొలి అక్షరానికి కూడా చోటు లేదు. ఇదే పేరు రోమన్‌లో సుమారు 26 బైట్లతో సరిపోతుంది. పరిమితిని అక్షరాల్లో కాక బైట్లలో చెప్పినప్పుడు అది అన్ని లిపులపై సమానంగా పడదని ఈ ఉదాహరణ చూపుతుంది.

8. ప్రమాణం నుంచి వాడుకకు

2013లో మెయిల్‌ను చదివే ప్రోటోకాళ్లకు కూడా తగిన సవరణ పత్రాలు వచ్చాయి. 2014లో జీమెయిల్ ఇతర లిపుల చిరునామాలకు ఉత్తరాలు పంపడానికి, వాటి నుంచి అందుకోవడానికి వీలు కల్పించింది. 2015లో పోస్ట్‌ఫిక్స్ అనే స్వేచ్ఛా సర్వర్ 3.0 సంస్కరణతో ఈ సదుపాయాన్ని చేర్చుకుంది. ఐనా తెలుగు చిరునామా సామాన్యుడి వాడుకలోకి రాలేదు. కారణం గొలుసు స్వభావం. పంపేవారి ప్రోగ్రాము, వారి సర్వర్, అందుకునే సర్వర్, చదివే ప్రోగ్రాము అన్నీ సిద్ధంగా ఉండాలి. ఒక్క కొక్కెం తెగినా ఉత్తరం వెనక్కి వస్తుంది.

మెయిల్ వ్యవస్థకు బయట కూడా ఆటంకాలున్నాయి. దరఖాస్తు పత్రాల్లో, ప్రవేశ పరీక్షల వెబ్‌సైట్లలో ఈ-మెయిల్ గడిని సరిచూసే చిన్న ప్రోగ్రాములు రోమన్ అక్షరాలను మాత్రమే అంగీకరించేలా రాసి ఉంటే, ప్రమాణం ప్రకారం చెల్లే చిరునామాను కూడా చెల్లదని తిప్పికొడతాయి. ప్రమాణం 2012లో మారింది. దానిని చదవని నియమాలు అలవాటుగా కొనసాగుతున్నాయి.

9. ముగింపు

పై పరిశీలన నుంచి ప్రోటోకాల్ నిర్మాణానికి సంబంధించి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. కొత్త ప్రోటోకాల్ పాతదానితో చేసే సంప్రదింపు. పాతదానికి అర్థం కానప్పుడు ఏమి జరగాలో చెప్పడమే అందులో కష్టమైన భాగం. భవిష్యత్తుకు విడిచిన చోటును వాడుతూ ఉంటేనే అది నిలుస్తుంది. జాబితా కంటే లక్షణం దీర్ఘాయువు కలది. మేలు చేసేలా కనిపించే ఏర్పాటును కూడా ప్రయోగించి, అవసరమైతే వదులుకోవాలి.

వీటిలో ఏదీ ఇంజినీరింగుకే పరిమితమైన జ్ఞానం కాదు. రెండు సంకేతాల ఐత్వం ఒకటా రెండా, కనిపించని గుర్తు పదభేదాన్ని సూచిస్తుందా లేక కేవలం ముద్రణ సౌలభ్యమా, ఱకారాన్ని రకారంతో కలిపి చూడవచ్చునా అన్నవి వర్ణశాస్త్రానికి, లిపిశాస్త్రానికి, వాడుకకు సంబంధించిన ప్రశ్నలు. వీటికి ప్రోగ్రాము రాసేవారు ఒంటరిగా సమాధానం చెప్పలేరు. సమాధానం చెప్పేవారు లేకపోతే ఏదో ఒక సమాధానం మాత్రం స్థిరపడిపోతుంది. 1982 నాటి ఎనిమిదవ బిట్ అలాగే స్థిరపడింది.

ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు, యూనికోడ్ ప్రతిపాదనలు, డొమైన్ లిపి నియమాల ముసాయిదాలు అన్నీ బహిరంగంగా లభిస్తున్నాయి. వాటిపై అభిప్రాయం తెలపడానికి పదవి అక్కరలేదు, ఆధారం ఉంటే చాలు. తెలుగు శాఖల్లో జరిగే పరిశోధనలకు ఇది తగిన క్షేత్రం. లేఖనంలో పొల్లు వాడుక, పేర్లలో అక్షర పౌనఃపున్యం, సదృశ అక్షరాల వల్ల పాఠకుడికి కలిగే పొరపాటు వంటి అంశాలపై శాస్త్రీయంగా సేకరించిన దత్తాంశం ఈ చర్చల్లో నేరుగా ఉపయోగపడుతుంది. విశ్వవిద్యాలయాలు తమ వెబ్ దరఖాస్తుల్లో తెలుగు చిరునామాను అంగీకరించేలా చూడటం ఇంకా దగ్గరలో ఉన్న పని. ఆ ఒక్క గడిని సరిచేయడానికి కొత్త ప్రమాణం కోసం ఎదురుచూడనక్కరలేదు. అది 2012 నుంచి ఉంది.